బెల్లం తిన్న ప్లాస్మా మిషను

మా ఇంటి గేటు కింది భాగం తుప్పు పట్టి రాలిపోతుంటే, కొత్తది చేయిద్దామని మొన్న మా ఆవిడతో కలిసి హనుమకొండలో ఒక ఫ్యాబ్రికేషన్ షాపుకు వెళ్లాను. గేటు మీద నెమలి కావాలా, తామరపువ్వు కావాలా అని షాపు యజమాని ఫోనులో బొమ్మలు చూపిస్తున్నాడు, మా ఆవిడ నెమలి తోక పొడుగు గురించి బేరం పెడుతోంది, ఇంతలో వెనక షెడ్డులోంచి ఒక చప్పుడు వచ్చింది. ప్రెషర్ కుక్కరు ఆవిరి వదులుతూనే ఉన్నట్టు, మధ్యలో ఎవరో కొత్త గుడ్డను బర్రున చింపినట్టు ఉంటుంది ఆ చప్పుడు. ఎన్నేళ్లయినా నా చెవి దాన్ని మరిచిపోలేదు. అంతే, నెమలి లేదు, తామర లేదు, నా కాళ్లు వాటంతట అవే షెడ్డు వైపు నడిచాయి.

లోపల ఒక పెద్ద బల్ల మీద ఇనుప రేకు పరిచి ఉంది. దాని మీద ఒక ప్లాస్మా కట్టరు, మనిషి చెయ్యి తగలకుండానే, కంప్యూటరు చెప్పినట్టు విని అటూ ఇటూ జరుగుతూ తీగలు, ఆకులు కోసుకుంటూ పోతోంది. దాన్ని నడిపించే కుర్రవాడు పక్కన కుర్చీలో కూర్చుని తీరుబడిగా చాయ్ తాగుతున్నాడు. నేను నోరెళ్లబెట్టి చూస్తుంటే, "అంకుల్, జర దూరం నిలవడుండ్రి, కండ్లు ఖరాబైతయి" అన్నాడు. ఆ మాట నాకు చెప్పినందుకు కోపం రావలసింది, నవ్వు వచ్చింది. వెనకే వచ్చిన మా ఆవిడ, "గీ ఆయన చేత్తో వట్టి నడిపిండు బిడ్డా, నువ్వు పుట్టకముందే" అని నా పరువు నిలబెట్టింది కాని, ఆ పిల్లవాడు నమ్మినట్టు లేదు.

నమ్మకపోతే నమ్మకపోనీ. కనీసం మీరు నమ్ముతారు, ఎందుకంటే ఇది చదివే మీలో చాలామంది నా ఈడువాళ్లే, ఒక కొత్త యంత్రం ఊళ్లోకి వస్తే ఆ రోజుల్లో మనకు ఎంత సంబరంగా ఉండేదో మీకు నేను చెప్పనక్కరలేదు. మొదటి టీవీ వచ్చినప్పుడు ఇల్లంతా ఎలా పండగయ్యేదో, మా ఫౌండ్రీలోకి ప్లాస్మా మిషను వచ్చిన రోజు నాకు అలా అయింది. నిజం చెప్పాలంటే నా పెళ్లినాడు కూడా నేను అంత హుషారుగా లేను. ఈ వాక్యం మా ఆవిడ చదవకుండా చూసుకోవాలి.

ఫౌండ్రీ అంటే లోహాన్ని కరిగించి ఇసుక అచ్చుల్లో పోసే కార్ఖానా. మాది చిన్నది, వరంగల్ శివార్లలో రేకుల షెడ్డు, మా సేటుగారి సొంతం. కేసముద్రం వైపు రైసుమిల్లులకు చక్రాలు, మోటారు పంపులకు పైన ఉండే గుల్లలు పోసేవాళ్లం. అచ్చులో పోసిన లోహం చల్లారుతూ కుంచించుకుపోతుంది కాబట్టి, లోపల గుంటలు పడకుండా పైన అదనపు లోహం నిలబెట్టడానికి రైజర్లు అని పెడతారు. అచ్చు పగలగొట్టి తీసేసరికి ఆ రైజర్లు వస్తువుకు కొమ్ముల్లా అంటుకుని ఉంటాయి. వాటిని కొట్టి, కోసి, అంచుల్లో పొడుచుకొచ్చిన రేకులు తీసి, నున్నగా చేయడం మా విభాగం పని. పోత పోసేవాళ్లకు అందరూ దండాలు పెట్టేవాళ్లు, ఎర్రగా కరిగిన లోహం చూడటానికి అందంగా ఉంటుంది కదా. మా వైపు ఎవరూ వచ్చేవాళ్లు కాదు, మా దగ్గర దుమ్మూ చప్పుడూ తప్ప ఏమీ ఉండేవి కావు.

ఆ విభాగానికి పెద్ద మా మామ. మా అమ్మకు సొంత తమ్ముడు, తర్వాత తన కూతుర్నిచ్చి నాకు అసలు మామ కూడా అయ్యాడు. కేసముద్రం అవతల పల్లెలో పత్తి చేను కలిసిరాక, పెళ్లయిన కొత్తలోనే వరంగల్‌కు వచ్చి, కాశిబుగ్గలో నేతవాళ్ల ఇళ్ల నడుమ ఒక అద్దె ఇంట్లో దిగి, ఫౌండ్రీలో సమ్మెట పట్టాడు. నేను ఐటీఐలో వెల్డింగు నేర్చుకుని ఖాళీగా తిరుగుతుంటే నన్ను కూడా అక్కడే పెట్టించాడు. మనిషి పొట్టి, చేతులు మాత్రం దూలాలు. సమ్మెట ఎత్తితే రైజరు మెడ దగ్గర విరిగి పడాల్సిందే. ఉలి, సమ్మెట, గాలితో కొట్టుకునే యంత్రపు ఉలి, గ్రైండింగు రాయి, ఈ నాలుగింటి మధ్య పొద్దున నుంచి సాయంత్రం దాకా మేమందరం ఉండేవాళ్లం. చెవుల్లో దూది పెట్టుకోవాలన్న ధ్యాస ఎవరికీ ఉండేది కాదు.

ఆ చప్పుడులో నోటితో మాట్లాడుకోవడం కుదరదు కాబట్టి మాకు చేతుల భాష ఒకటి ఏర్పడింది. బొటనవేలు నోటి వైపు వంచితే చాయ్, వేళ్లన్నీ కూడదీసి నోటి దగ్గరికి తెస్తే తిండి, రెండు చేతులతో లేని బొజ్జను ఉన్నట్టు చూపిస్తే సేటు వస్తున్నాడని అర్థం. ఈ భాష మామతో పాటు ఇంటికీ వచ్చేసింది. అన్నం తింటూ ఉప్పు కావాలంటే రెండు వేళ్లు రాచి చూపించేవాడు, మా అత్తమ్మ అలవాటుగా ఉప్పు గిన్నె జరిపేది. కొత్తగా వచ్చిన చుట్టాలు వాళ్లిద్దరినీ చూసి మూగ దంపతులనుకుని జాలిపడిన సందర్భాలు ఉన్నాయి. మాకు నవ్వుగా ఉండేది. అది నవ్వాల్సిన విషయం కాదని తర్వాత తెలిసింది.

ఒకనాడు పక్కింట్లో మగ్గం ఆడుతుంటే, "ఏందో ఇయ్యాల మగ్గం బందు వెట్టిండ్రు" అన్నాడు మామ. అత్తమ్మ చేతిలోని చాట అలాగే ఆగిపోయింది. మరునాడు బలవంతం చేసి దవాఖానకు తీసుకుపోయాం. చెవుల డాక్టరమ్మ పరీక్షలన్నీ చేసి, కుడి చెవి దాదాపు పోయిందని, ఎడమ చెవిలో ఇంకా మిగిలి ఉందని, పోయింది తిరిగి రాదని, సమ్మెట చప్పుడుకు దూరంగా ఉంటే మాత్రం మిగిలింది నిలుస్తుందని, లేకపోతే అదీ పోతుందని విడమరిచి చెప్పింది. మామ అంతా విని, "ఫికర్ చెయ్యకుండ్రి, ఇంకోటున్నది కదా" అని లేచి వచ్చేశాడు. సమ్మెట తప్ప తనకు ఇంకేం వస్తుంది, ఎక్కడికి పోతాడు.

ఇక్కడ మా అత్తమ్మ గురించి చెప్పాలి. ఆమె బతుకమ్మ పాట ఎత్తుకుంటే కాశిబుగ్గలో రెండు మూడు వాడల ఆడవాళ్లు అక్కడికే వచ్చేవాళ్లు. అంత లావు గొంతేమీ కాదు, కొంచెం జీరగా, మట్టికుండలో నీళ్లు పోసినట్టు ఉండేది. మామ ఆమెను పొగడగా నేను ఒక్కనాడూ వినలేదు. కాని ఆ తొమ్మిది సాయంత్రాలూ పని దిగగానే నేరుగా వచ్చి, అవతల మగవాళ్లతో కబుర్లాడుతున్నట్టు నటిస్తూ నిలబడి, పాట అయిపోయేదాకా అక్కడినుంచి కదిలేవాడు కాదు. ఏడాదికేడాది ఆ నిలబడే చోటు ఆటకు దగ్గరవుతూ రావడం అత్తమ్మ గమనించిందని మాకు తెలియదు. దవాఖాన నుంచి వచ్చిన రాత్రి కూతురితో, "ఈ యేడు నా పాట మీ నాయినకు ఇనవడ్తదో లేదో బిడ్డా" అందట. మా ఆవిడ ఆ మాట నాకు చెప్పినప్పటి నుంచి నాకు ఒక్కటే ఆలోచన, మామ చేతిలోంచి ఆ సమ్మెట ఎలా తీయించాలి అని.

దారి మా సేటే చూపించాడు, తనకు తెలియకుండా. ఒక కాగితం మిల్లుకు స్టెయిన్‌లెస్ స్టీలు పంపు గుల్లలు పోసే పని ఒప్పుకొని వచ్చాడు. పోయడం బాగానే పోశారు. రైజర్ల దగ్గర మా తల ప్రాణం తోకకు వచ్చింది. మామూలు ఉక్కును గ్యాసు మంటతో కోయవచ్చు, స్టెయిన్‌లెస్ స్టీలు దానికి లొంగదు. సమ్మెటకు వంగుతుంది కాని విరగదు. రంపంతో కోస్తే పళ్లు అరిగిపోతాయి. మామ రోజంతా కొట్టి, ఒక్క గుల్లను కూడా పూర్తిగా శుభ్రం చేయలేక, సాయంత్రం చెవి మీద అరచెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. అది చూసి సేటు, హైదరాబాదు ఏజెంటు దగ్గర ప్లాస్మా కట్టరు అని ఒకటి ఉందట, తెప్పించి చూద్దాం, పని చేస్తే కొందాం, చేయకపోతే తిరిగి పంపించి ఈ పని వదులుకుందాం, మన పాత ఇనుప చక్రాలూ మన సమ్మెటలూ మనకు ఉండనే ఉన్నాయి అన్నాడు.

పాత సమ్మెటలు అన్న మాట దగ్గర నా గుండెల్లో రాయి పడింది. యంత్రం నిలిస్తేనే మామకు చెవి నిలుస్తుంది. వెనక్కి పోతే రెండూ పోతాయి. వెల్డింగు నేర్చినవాణ్ని కాబట్టి దాన్ని నడిపే బాధ్యత నాకే అప్పగించారు, ఆ సంతోషంలో నాకు రాత్రుళ్లు నిద్ర పట్టేది కాదు. ఏజెంటు పంపిన రంగుల కాగితం మీద ఆ యంత్రం బొమ్మ చూసి చూసి దాన్ని మడతల దగ్గర చింపేశాను. కరెంటు మంటలోంచి గాలిని జోరుగా ఊదితే ఆ గాలే నిప్పు కత్తి అయిపోయి ఏ లోహాన్నైనా కోస్తుందట. గాలితో కోయడం ఏమిటని మామ నన్ను వెక్కిరించాడు. "గాలితోటి గుమ్మడికాయ గూడ కొయ్యలేవు, ఉక్కు కోస్తడట" అని అందరికీ చేతుల భాషలో చెప్పి నవ్వించాడు.

యంత్రం బతుకమ్మ రోజుల్లోనే వచ్చింది. దాన్ని దించడం, కరెంటు లైను లాగడం, కంప్రెషరు బిగించడం, ఈ హడావుడిలో మూడు నాలుగు రోజులు మా షెడ్డులో సమ్మెట మోగలేదు. పెట్టెలోంచి తీస్తే పొట్టి బీరువా అంత ఉంది. ఒక పక్క నుంచి పొడుగాటి గొట్టం, దాని కొసకు పిస్తోలు లాంటి చేతిపిడి, పిడికి రాగి ముక్కు. ఇంకో పక్క నుంచి లావుపాటి కేబులు, దాని కొసకు మొసలి నోరులాంటి క్లాంపు. కోయాల్సిన వస్తువును ఆ క్లాంపు గట్టిగా కరిచి పట్టుకోవాలి, అప్పుడే కరెంటు పూర్తిగా తిరుగుతుంది. అది కరవకపోతే ముక్కులో మంట పుడుతుంది కాని లోహాన్ని అందుకోదు. ఇదంతా హైదరాబాదు నుంచి వచ్చిన ఇంజనీరు నాకు ఓపికగా నేర్పి, రేపు కాగితం మిల్లువాళ్ల ముందు కోసి చూపిద్దామని భోజనానికి వెళ్లాడు.

అతను అటు వెళ్లగానే ఇటు ఆడవాళ్లు వచ్చారు. దసరాకు పనిముట్ల పూజకు మా ఇళ్లలోని ఆడవాళ్లు పసుపూ పూలూ పట్టుకుని ఏటా ఫౌండ్రీకి రావడం మా దగ్గర ఆనవాయితీ. కొత్త యంత్రాన్ని పూజ లేకుండా ముట్టుకోవద్దని, దసరా దాకా ఆగలేకపోతే ముందే చేద్దామని మా అత్తమ్మ సేటును ఒప్పించింది. ఇంకేముంది, యంత్రానికి నిలువెల్లా పసుపు, మూడు వైపులా బొట్లు, చేతిపిడికి బంతిపూల దండ, నిమ్మకాయ. నేను ఆ రాగి ముక్కుకు మాత్రం చేయి అడ్డం పెట్టి కాపాడుకున్నాను. అత్తమ్మ ఒక్కొక్కటీ చూసుకుంటూ క్లాంపు దగ్గరికి వచ్చి ఆగింది. అందరూ దండం పెట్టి బయటికి నడుస్తుంటే ఆమె అక్కడే ఏదో చేస్తూ ఉండిపోయింది. ఏం చేసిందో మేమెవరం చూడలేదు.

మరునాడు సద్దుల బతుకమ్మ, ఆ తొమ్మిదింటిలో ఆఖరి రోజు. కాగితం మిల్లువాళ్లు వచ్చారు, సేటు తెల్లబట్టల్లో వచ్చాడు, పోత పోసేవాళ్లు కూడా జీవితంలో మొదటిసారి మా వైపు వచ్చి వరుసగా నిలబడ్డారు. మామ దూరంగా తన సమ్మెట పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేను తోలు చేతిజోళ్లు తొడిగి, నల్ల అద్దం దించి, పిడి పట్టుకుని, రైజరు మెడ మీద ముక్కు ఆనించి నొక్కాను. తుస్సుమంది. నీలి మంట ఒక్క క్షణం బయటికి తొంగిచూసి ఆరిపోయింది. మళ్లీ నొక్కాను, మళ్లీ అంతే. ఇంజనీరు గాలి చూశాడు, బాగుంది. కరెంటు చూశాడు, బాగుంది. రాగి ముక్కు మార్చాడు. క్లాంపు ఊడదీసి ఇంకో చోట పెట్టాడు. యంత్రమంతా పసుపు రంగులోనే ఉంది కాబట్టి క్లాంపు నోట్లోని పసుపును ప్రత్యేకంగా చూడాలని అతనికి గాని నాకు గాని తట్టలేదు.

మిల్లువాళ్లు గడియారాలు చూసుకోవడం మొదలుపెట్టారు. సేటు ముఖం మాడిపోయింది. సాయంత్రం లారీలో దీన్ని ఎక్కించేద్దామని మెల్లగా అన్నాడు. నేను అద్దం పైకెత్తి చూసేసరికి మామ సమ్మెట చేతిలోకి తీసుకున్నాడు. నన్ను ఓడించడానికి కాదు, పాపం, సేటు పరువు పోతోందని, తానైనా ఏదో చేద్దామని. ఆ క్షణంలో నాకు ఏడుపు వచ్చింది, అద్దం దించుకుని దాచుకున్నాను. ఆ పంపు గుల్ల పక్కనే చతికిలబడ్డాను.

అక్కడ కళ్లు తుడుచుకుందామని అద్దం ఎత్తితే కనబడ్డాయి. గోడ మూల నుంచి నల్లచీమలు ఒక బారున బయల్దేరి, ఆ లావుపాటి కేబులు ఎక్కి, ఎవరి పెళ్లికో పోతున్నట్టు ఎంతో క్రమంగా క్లాంపు వైపు పోతున్నాయి. ఫౌండ్రీలో ఇసుక, బొగ్గు, ఇనుము తప్ప చీమకు పనికొచ్చేది ఏముంటుంది. నేను క్లాంపు నొక్కి నోరు తెరిచి చూశాను. పైదవడకూ కిందిదవడకూ నల్లబెల్లం దట్టంగా మెత్తుకుని, పసుపుతో కలిసి ఎండి, లక్కలా గట్టిపడి ఉంది. రాగి పళ్లు ఒక్కటి కూడా పైకి కనబడటం లేదు. నాకు విషయం అర్థమై నవ్వు తన్నుకొచ్చింది, ఆపుకుందామన్నా ఆగలేదు. అందరూ నాకు మతి పోయిందనుకున్నారు. నేను మామ వైపు తిరిగి, క్లాంపు చూపించి, వేళ్లన్నీ కూడదీసి నోటి దగ్గర పెట్టుకున్నాను. మామ ఒక్క క్షణం తెల్లబోయి చూసి, ఎవరు తినిపించి ఉంటారో తెలిసిపోయి, సమ్మెట కింద పెట్టి తలపట్టుకున్నాడు.

కిరసనాయిలు గుడ్డతో తుడిచి, వైరు బ్రష్షుతో పళ్లు మెరిసేదాకా రుద్ది, మళ్లీ కరిపించాను. పిడి నొక్కాను. ఆ తర్వాతి నిమిషాన్ని ఎలా చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియదు. చెవులు చిల్లులు పడేలా ఒక ఊళ, నల్ల అద్దంలో ఆకుపచ్చగా మెరిసే సన్నని గీత, ఆ గీత కింద నుంచి నిప్పులు జలపాతంలా దూకుతున్నాయి, నా చేతికి మాత్రం ఏ బరువూ లేదు. మామ రోజంతా కొట్టినా చలించని ఆ మొండి ఉక్కు వెన్నలా విడిపోతూ వచ్చింది. చివరి అంచు దగ్గర ఒక్క క్షణం వేలాడి రైజరు దబ్బుమని ఇసుకలో పడింది. కోసిన మొహం అద్దంలా కాకపోయినా, దాదాపు నున్నగా ఉంది. నేను గట్టిగా కేక పెట్టానట, నాకు గుర్తు లేదు. రెండోది కోశాను, మూడోది కోశాను, సేటు ఇక చాల్లేవయ్యా అన్నా ఆపలేదు. పోత పోసేవాళ్లు నిప్పులు చూడటానికి తోసుకున్నారు. ఆ రోజు నా కాళ్లు నేల మీద ఆనలేదు.

మిల్లువాళ్లు సంతోషంగా వెళ్లారు, సేటు యంత్రం ఉంచేస్తానన్నాడు. ఇంక మామా నేనూ వంతులవారీగా దాన్ని నడపాలన్నాడు. మామ ఒప్పుకోలేదు. "నీ బొమ్మ నువ్వాడుకో, నాకు నా సమ్మెట సాలు" అని అందరి ముందూ అనేశాడు. ఇంత చేసిందీ ఎవరి కోసమో చెప్పలేక, చెప్పినా ఆ చెవికి ఎక్కదని తెలిసి, నేను గొట్టం చుట్టి పక్కన పెట్టాను. మనిషికి చేతనైన పనిని చేతిలోంచి లాక్కుంటే ఎంత బాధగా ఉంటుందో ఇప్పుడు ఈ వయసులో తెలుస్తోంది కాని, ఆ రోజు మాత్రం ఒళ్లు మండింది. క్లాంపుకు బెల్లం పెట్టిన సంగతి అత్తమ్మను అడిగితే ఆమె ఏమాత్రం తడబడలేదు. "నోరు తెర్సుకొనున్నది, దానికి పెట్టకుండ ఒట్టిగ దండం వెడితె ఎట్ల? తిన్నది కాబట్టే గంత మంచిగ కోసింది" అంది.

ఆ సాయంత్రం వాడంతా పూలే. తంగేడు, గునుగు, బంతి పేర్చిన బతుకమ్మలు నడుమ పెట్టి ఆడవాళ్లు చుట్టూ తిరుగుతుంటే అత్తమ్మ పాట ఎత్తుకుంది. మామ ఎప్పటిలాగే వచ్చి నిలబడ్డాడు. నేను పక్కనే ఉండి ఆయన ముఖం చూస్తూ ఉన్నాను, ఏమీ తెలియలేదు. వింటున్నాడో, కేవలం చూస్తున్నాడో పోల్చుకోలేకపోయాను. పాట అయింది, నిమజ్జనం అయింది, ఇంటికి వచ్చి సద్దులు తినడానికి కూర్చున్నాం. అత్తమ్మ అందరికీ పులిహోర పెడుతోంది. మామ రెండు ముద్దలు తిని, తల ఎత్తకుండానే, "నడిమిట్ల ఒక చరణం ఇడిసిపెట్టినవ్ ఇయ్యాల" అన్నాడు.

అత్తమ్మ గరిటెను గిన్నెలో పెట్టేసింది. తర్వాత మెల్లగా గోడ వైపు తిరిగి, ఎప్పటిలా గట్టిగా కాకుండా, చేతి సైగ లేకుండా, మామూలు గొంతుతో, "ఏ చరణం?" అని అడిగింది. మామ చెప్పాడు. ఏ చరణం తర్వాత ఏది రావాలో, ఆమె దాన్ని దాటేసి ఎక్కడికి పోయిందో, విసుక్కుంటూ వివరంగా చెప్పాడు. తన పాటలో తప్పు పడితే అంతగా సంతోషపడిన మనిషిని నేను మళ్లీ చూడలేదు. ఆమె అటు తిరిగి ఉండగానే కొంగుతో కళ్లు తుడుచుకుంది. మా ఆవిడా నేనూ పులిహోరలో పల్లీలు ఏరుకుంటూ తలలు వంచుకున్నాం. నాలుగు రోజులు సమ్మెట ఆగినందుకే, రోజూ చప్పుడుకు మొద్దుబారే ఎడమ చెవి అంత తేరుకుందని మామకు కూడా అప్పుడే అర్థమైనట్టుంది, ఎందుకంటే ఆయన ముద్ద చేతిలో పట్టుకుని చాలాసేపు తినకుండా ఉండిపోయాడు.

దసరా సెలవులు అయ్యాక మామ పొద్దున్నే నాకంటే ముందు ఫౌండ్రీకి వచ్చి, చెవుల్లో దూది కుక్కుకుని, యంత్రం దగ్గర నిలబడి ఉన్నాడు. "ఇటు తే" అన్నాడు, అంతే. మొదట్లో పిడిని ఉలిలా అదిమిపట్టి రెండు రాగి ముక్కులు పాడుచేశాడు. సుతారంగా పట్టుకో మామా అని నేను ఆయన మోచెయ్యి కింద నా చెయ్యి పెట్టి నడిపించాను. రైజరు పడ్డ ప్రతిసారీ అలవాటు కొద్దీ ఇంకో దెబ్బ వేయడానికి చెయ్యి పైకి లేచేది, మేం నవ్వేవాళ్లం, ఆయనా నవ్వేవాడు. పది రోజుల్లో నా చేతిలోంచి వంతు కూడా లాక్కుని, రేపు నీదిలే, ఎల్లుండి నీదిలే అంటూ నన్ను చిన్నపిల్లవాడిలా ఊరించాడు. యంత్రానికి ఊళ ఉంది, లేదనను, కాని గంటల తరబడి కొట్టుడు లేదు, ఒక రైజరు నిమిషంలో తెగి పడి చప్పుడు ఆగిపోయేది. ఆ ఆగిన వేళల్లో కాజీపేట వైపు పోయే రైలు కూత మా షెడ్డులోకి మొదటిసారి వినబడింది. మామ ఆ కూతకు తల తిప్పి చూస్తే నాకు ఒళ్లు పులకరించేది.

ఆ తర్వాత ఎన్నో ఏళ్లు అత్తమ్మ పాడింది, మామ తప్పులు పట్టాడు. ఆమె కావాలనే అక్కడక్కడా చరణాలు దాటేస్తోందేమోనని మా ఆవిడకు అనుమానం. నేను అడగలేదు, అడిగి ఆ సంబరాన్ని పాడుచేయదలచుకోలేదు.

ఇప్పుడు ఆ ఫౌండ్రీ లేదు, షెడ్డును పత్తి గోదాముగా మార్చారు. అత్తమ్మ పోయి కొన్నేళ్లయింది. మామ మాతోనే ఉంటాడు, కళ్లు మసకబారాయి, మోకాళ్లు సహకరించవు, ఎడమ చెవి మాత్రం దివ్యంగా ఉంది, వంటింట్లో మేం గుసగుసలాడుకునేవన్నీ ఆయనకు తెలుసు. ఇంట్లో ఇప్పుడు ఎటు చూసినా ఫోన్లు, మనవలు తుమ్మినా దగ్గినా వీడియోలు. అత్తమ్మ గొంతు మాత్రం ఎక్కడా లేదు. ఆ రోజుల్లో మాకు ఒక టేపు రికార్డరు ఉండేది, అందులో ఎవరెవరి పాటలో వినేవాళ్లం. ఆమె పాటను పట్టి ఉంచాలని నాకు గాని, మా ఆవిడకు గాని, ఎన్నడూ తట్టలేదు. ఒక చెవిని కాపాడుకున్నామన్న సంతోషంలో మునిగి, ఆ చెవి దేనికోసమో అది ఎప్పటికీ ఉంటుందనుకున్నాం.

పోయిన సద్దుల నాడు మామ కుర్చీని వాకిట్లో వేశాను. వాడ మొదట్లో పెద్ద పెద్ద డీజే పెట్టెలు, వాటిలోంచి పాట, దాని చుట్టూ కొత్త చీరల్లో ఆడపిల్లలు, చూడటానికి ఎంతో ముచ్చటగా ఉంది, నేను కాదనను. ఎవరూ ఎత్తుకోనక్కరలేదు, ఎవరూ అందుకోనక్కరలేదు, పాట దానంతట అదే సాగిపోతోంది. మామ ఎడమ చెవి అటు తిప్పి చాలాసేపు విన్నాడు. చప్పుడు ఎక్కువైందేమో, లోపలికి పోదామా అని అడిగాను. "సప్పుడుకేం గాదు రా. గంటసేపటి సంది ఇంటాన్న, గది ఒక్కపారి గూడ తప్పు పోతలేదు" అన్నాడు. తర్వాత చేతికర్ర కోసం తడుముకుంటే అందించాను, లేచి లోపలికి వెళ్లిపోయాడు.